బెరిత్‌కి అర్థమయ్యేలా

ఓడ్వార్ సమావేశానికి వచ్చినప్పుడల్లా సంచీడు క్యారెట్లు తెచ్చేవాడు. మట్టి కడిగినవి, ఆకు తుంచనివి. ప్రొఫెసర్లూ డాక్టర్లూ కూర్చునే పొడవాటి బల్ల మీద వాటిని కుప్పపోసి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, మోచేతులు గోక్కుంటూ వినేవాడు. ఆ దురద అతని జబ్బులో భాగం. అందరికీ అలవాటైపోయింది.

అతను రోగుల ప్రతినిధి. రోగుల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోకుండా రోగుల మీద ఏ పరిశోధనా నడపకూడదన్నది నార్వేలో పద్ధతి. చాలాచోట్ల ఆ ఒకరు తల ఊపి, కాఫీ తాగి, ఇంటికి పోతారు. ఓడ్వార్‌కు తల ఊపడం చేతకాలేదు.

"ఆగండాగండి," అనేవాడు మధ్యలో. "ఇది బెరిత్‌కి అర్థం కాదు."

బెరిత్ అతని భార్య. ఫ్రోస్తాలో, సముద్రపు పాయ ఒడ్డున, వాళ్ళకు కూరగాయల పొలం ఉంది. రోగులకు వెళ్ళవలసిన ప్రతి కాగితాన్నీ ఓడ్వార్ ముందుగా ఇంటికి పట్టుకుపోయి వంటింటి బల్ల మీద పెట్టేవాడు. ఆమె చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, "అర్థమైంది" అనో "కాలేదు" అనో చెప్పేది. కాలేదంటే ఆ కాగితం పరిశోధన నడిచే ట్రోన్‌హైమ్‌కు తిరిగి వచ్చేది. మళ్ళీ రాయవలసిందే.

"మీ ఆవిడ మా అందరికంటే పెద్ద ప్రొఫెసర్‌లా ఉందే!" అని పరిశోధన పెద్ద హల్వార్ ఒకసారి వేళాకోళమాడాడు.

"అబ్బే, ప్రొఫెసర్‌కి అర్థం కాకపోయినా అయినట్టు కూర్చోవడం వచ్చు. బెరిత్‌కి రాదు," అన్నాడు ఓడ్వార్.

ఆ బల్ల దగ్గర లెక్కల మనిషి సిగ్నే. జన్యువుల పట్టికలు ఆమె చేతిలో ఉండేవి. రాసిన కాగితాలు తిరిగి వచ్చినప్పుడు మొదట్లో ఆమెకు విసుగు కలిగేది. క్రమంగా, తాను ఒక్కసారైనా చూడని ఆ స్త్రీ, రాస్తున్న ప్రతి వాక్యానికీ ఎదురుగా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక సంగతి తెలిసి ఉండడానికీ, దాని గురించిన మాటలు తెలిసి ఉండడానికీ మధ్య ఎంత ఎడం ఉందో సిగ్నే ఆమె వల్లే గ్రహించింది. తాను తెలుసుకున్నానని అనుకున్నవాటిలో సగం, బెరిత్ ముందు పెట్టేసరికి, మాటలుగానే మిగిలిపోయేవి.

ఆ జబ్బులో కాలేయం లోపల పిత్తం పారే సన్నని నాళాలు వాచి, మచ్చగట్టి, ఒక్కొక్కటే మూసుకుపోతాయి. ఎక్కడో ఏ కొద్దిమందికో వస్తుంది కనుక దానికోసం కొత్త మందు కనిపెట్టే తీరిక కంపెనీలకు లేదు. చివరికి కాలేయం మార్చడమే దారి. ఓడ్వార్‌కు ఒకసారి మార్చారు. ముక్కూ మొహం తెలియని ఎవరిదో కాలేయం. కొన్నేళ్ళకు జబ్బు అందులోకీ దిగింది.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా మనలాగే తయారుచేశాను," అనేవాడు అతను.

కొత్త మందు రానప్పుడు ఉన్నవాటిలోనే వెతకాలి. సిగ్నే పని అదే. ఆ ప్రాంతపు జనం ఏనాడో బడి వ్యాయామశాలల్లో వరుసకట్టి ఇచ్చిన రక్తంలోని జన్యువులు ఆమె దగ్గర ఉన్నాయి. మరో దేశం నుంచి అంతకు ఎన్నో రెట్లు వచ్చాయి. పుట్టుకతోనే ఏదో ఒక జన్యువు మందకొడిగా పనిచేసే మనుషులు కొందరుంటారు. అలాంటివాళ్ళకు ఈ జబ్బు తక్కువగా వస్తున్నట్లయితే, ఆ జన్యువు పనిని అణిచే మందు రోగికి కూడా మేలు చేయవచ్చు. 'ప్రకృతి ఎప్పుడో చేసి మరిచిపోయిన ప్రయోగాన్ని మేము చదువుకుంటున్నాం' అని సిగ్నే రాసింది. బెరిత్ అర్థమైందన్నది.

పోయిన శీతాకాలంలో అలాంటి జన్యువు ఒకటి దొరికింది. దాన్ని అణిచే మందు కూడా అప్పటికే లోకంలో ఉంది. ఎన్నో ఏళ్ళుగా జనం కీళ్ళ నొప్పులకు మింగుతున్న మామూలు మాత్ర. సిగ్నే దాని పేరు చెప్పగానే ఓడ్వార్ గోక్కోవడం ఆపాడు.

"అదా? అది మా వంటింటి అలమరలో ఉంది. బెరిత్ వేళ్ళ నొప్పులకు వేసుకుంటుంది."

అందరూ నవ్వారు. సిగ్నే కూడా నవ్వింది. ఆ రోజు ఓడ్వార్ ఒక్కసారి కూడా ఆగండి అనలేదు. తాను తెచ్చిన క్యారెట్లలోంచి ఒకటి తీసుకుని తానే కొరికాడు.

సెప్టెంబరులో, రోగుల మీద ప్రయోగం మొదలుపెట్టడానికి కాగితాలు సిద్ధమవుతుండగా, మూడో దేశం నుంచి కొత్త లెక్కలు వచ్చాయి. అవి ఎదురు చెప్పాయి. సిగ్నే మొదట వాళ్ళదే తప్పనుకుంది. అలా అనుకున్నప్పుడు తనకు ఎంత హాయిగా అనిపించిందో ఆమె తరువాత మరిచిపోలేకపోయింది.

జన్యువు రెండు పేటల తాడు. ఒక పేటలో ఏ అక్షరం ఉంటే ఎదుటి పేటలో దాని జత అక్షరం ఉంటుంది. రెండు దేశాల లెక్కలు కలిపేటప్పుడు ఎవరు ఏ పేట నుంచి చదివారో సరిచూసుకోవాలి. సాధారణంగా అక్షరాలే ఆ సంగతి చెప్పేస్తాయి. కాని మనిషికీ మనిషికీ తేడా ఉన్న చోట ఆ రెండక్షరాలూ ఒకదానికొకటి జతలే అయితే, ఏ పేట నుంచి చూసినా అవే రెండూ కనబడతాయి. సముద్రపు పాయకు ఏ ఒడ్డున నిలబడ్డామో చెప్పకుండా, పడవ ఎడమకు పోతున్నదని చెప్పడం లాంటిది అది. అటువంటి చోట్లను లెక్కలోంచి తీసివేయడం ఈ పనిలో వాడుక. సిగ్నే ఆ ఒక్కదాన్ని తీసివేయలేదు. ఆ జన్యువులో అన్నిటికంటే గట్టిగా పలికిన చోటు అదే. రెండో దేశంవాళ్ళు కూడా తన ఒడ్డునే నిలబడి చూశారనుకుంది. వాళ్ళు ఎదుటి ఒడ్డున ఉన్నారు.

ఆ జన్యువు మందకొడిగా ఉన్నవాళ్ళకు జబ్బు తక్కువగా కాదు, ఎక్కువగా వస్తున్నది. దాన్ని అణిచే మాత్ర నాళాలను కాపాడదు. వాటిని మరింత త్వరగా మూసివేయవచ్చు.

"ఇంకా ఒక్క రోగికి కూడా మాత్ర ఇవ్వలేదు కదా," అన్నాడు హల్వార్, అంతా విని. "బతికిపోయాం. 'సాంకేతిక కారణాల వల్ల ప్రయోగాన్ని నిలిపివేస్తున్నాము' అని రెండు ముక్కలు రాసి పంపెయ్."

"ఏ కాగితమైనా ఓడ్వార్ చేతి మీదుగా పోవాలి."

"పోనీ. ఆయనే సంతకం పెడతాడు."

"బెరిత్‌కి అర్థం కాదంటాడు."

హల్వార్ నవ్వబోయి మానుకున్నాడు. "చూడు సిగ్నే, తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఆ పట్టిక మేమందరం చూశాం."

అతను మంచి మనసుతోనే అన్నాడు. మరునాడు ఉదయం ఫ్రోస్తాకు కారు నడుపుతూ సిగ్నే ఆ మాట గురించే ఆలోచించింది. పదిమంది పంచుకుంటే తప్పు తగ్గుతుందా? లేక పదిమంది దగ్గరా నిండుగానే ఉంటుందా? దారికి ఎడమపక్క నీళ్ళు బూడిదరంగులో కదలకుండా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు అవే నీళ్ళు కుడిపక్కకు వస్తాయని తోచి, ఆమె రేడియో పెట్టుకుంది.

ఓడ్వార్ పెరట్లో బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉల్లికాడలకు వేర్లు కోస్తున్నాడు. అతని కళ్ళలోని తెలుపు పసుపుకు తిరిగింది. వేసవి సెలవుల ముందు చూసినప్పటికంటే మనిషి సగమయ్యాడు. ఆమెను చూసి లేచి, కత్తి పెట్టె అంచున గుచ్చాడు.

"ఏంటమ్మాయ్, ఇంత దూరం? క్యారెట్లు అయిపోయాయా?"

వంటింట్లో బెరిత్ కాఫీ పోసింది. ఆమె కెటిల్‌ను రెండు చేతులతో పట్టుకోవడం సిగ్నే గమనించింది. వేళ్ళ కణుపులు వాచి, ఎర్రగా మెరుస్తున్నాయి. పెళ్ళి ఉంగరం వేలికి లేదు. మెడలోని సన్నని గొలుసుకు వేలాడుతున్నది.

"ఆఖరికి నిన్ను చూశాను," అన్నది బెరిత్. "నువ్వు రాసేవన్నీ చదివాను. మనిషివి బాగానే ఉన్నావు గానీ నీ వాక్యాలకు ఊపిరాడదు. ఒక్కోటి ఇంత పొడుగు."

"ఇప్పుడు తగ్గించాను."

"తగ్గించావులే. చూశాను." బెరిత్ ఊలు టోపీ తలకు లాక్కుని, ఉల్లికాడలు కడగడానికి పాకలోకి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక సిగ్నే చెప్పింది. పేటల సంగతీ, ఒడ్డుల సంగతీ, తాను తీసివేయవలసి ఉండి తీసివేయని చోటు సంగతీ. ఓడ్వార్ మధ్యలో ఆపలేదు. అతను ఆపితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"అంటే, పనిచెయ్యదంటావు."

"పనిచెయ్యకపోవడం కాదు, ఓడ్వార్. చేటు చెయ్యవచ్చు."

అతను లేచాడు. అలమర తెరిచి, తెల్లటి మాత్రల సీసా తెచ్చి, ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"మంచు కరిగినప్పటి నుంచీ వేసుకుంటున్నాను," అన్నాడు.

సిగ్నే నోటికి మొదట వచ్చిన మాట అడగకుండా ఉండవలసింది.

"ఎవరు చెప్పారు వేసుకోమని?"

"నువ్వే."

అందులో నింద లేదు. వాన పడిందని చెప్పినట్లు చెప్పాడు.

"మీరు అనుమతులు తెచ్చుకుని, కమిటీలు వేసుకునేదాకా నా నాళాలు కూర్చుంటాయా? మందేమో చేతికందే ఎత్తులో ఉంది. డాక్టర్ బెరిత్‌కి మోతాదు పెంచాడట. మిగులుతున్నాయి, నువ్వు వేసుకో అంది. రోజూ పొద్దున్నే జావగిన్నె పక్కన తనే పెడుతుంది. నిజం చెప్పనా, ఈ వేసవిలో దురద తగ్గింది."

"మరి రక్తపరీక్షలు?"

"అవి పెరిగాయి. పెరుగుతాయని డాక్టర్ ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు." సీసాను వేలితో ఒకసారి తిప్పాడు. "ఇది నన్ను చెడగొట్టిందా, సిగ్నే?"

అక్కడికి వస్తూ ఆమె అన్ని ప్రశ్నలకూ సిద్ధపడింది, ఈ ఒక్కదానికి తప్ప. వేలమందిని కలిపి చూస్తే ఆమెకు తెలుస్తుంది. ఆ వేలల్లోంచి ఒక్కరు బయటికి వచ్చి, మరి నా సంగతి ఏమిటని అడిగితే తెలియదు. ఈ జ్ఞానం మనుషులందరి గురించీ మాట్లాడుతుంది, ఏ మనిషితోనూ మాట్లాడదు. అది తన పనిలోని హద్దు అని ఆమె ఎన్నోసార్లు రాసింది. ఆ హద్దు అవతల ఎవరో నిలబడి ఉంటారని ఎన్నడూ ఊహించలేదు.

"తెలియదు," అన్నది. "ఒక్క మనిషిలో చెప్పలేం. ఈ మాత్ర వేసుకోని ఓడ్వార్ ఇంకొకడు ఉంటే, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసేదాన్ని."

"ఉంటేనా? వాడికి ఉల్లికాడలు అప్పగించి నేను పడుకునేవాణ్ణి."

ఇద్దరూ నవ్వలేదు.

"ఇంకొకటి వేసుకోకు. ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాలి," అన్నది సిగ్నే.

"చేస్తాను." కిటికీలోంచి పాక వైపు చూశాడు. "ఒక పని చెయ్యి. బెరిత్‌కి మాత్రం, పనికిరాలేదు అని చెబుదాం. అక్కడితో ఆపుదాం. పనికిరాకపోతే ఓర్చుకుంటుంది. కానీ రోజూ తన చేత్తో పెట్టింది చూడూ..."

సిగ్నే సంచిలోంచి హల్వార్ చెప్పినట్లు రాసిన కాగితం తీసి అతని ముందు పెట్టింది. 'సాంకేతిక కారణాల వల్ల ప్రయోగాన్ని నిలిపివేస్తున్నాము.' ఓడ్వార్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"బాగుంది," అన్నాడు. "ఇదే పంపు."

ఇన్నేళ్ళలో అతను ఒక కాగితాన్ని మొదటిసారే ఒప్పుకోవడం సిగ్నే ఎన్నడూ చూడలేదు. ఆమె గుండె తేలికపడింది. ఆ తేలికలో ఏదో కుళ్ళు ఉన్నదని తెలుస్తూనే ఉన్నా, తేలికపడింది. ఒక మనిషి మీద దయ చూపడానికి తాను నోరు మూసుకుంటే చాలు. తనకు కావలసినదీ, దయ కోరుతున్నదీ ఒకటే అయినప్పుడు ఆ రెంటిలో తాను దేనికి లొంగుతున్నదో మనిషికి ఎలా తెలుస్తుంది?

ఓడ్వార్ కలం తీశాడు. సంతకం చేయవలసిన చోట దాని మొన ఆనించి అలాగే ఉండిపోయాడు.

"వసంతంలో మా రోగుల సంఘం సభ జరిగింది," అన్నాడు చివరికి. "ఈ మాత్ర పేరు వాళ్ళకు నేనే చెప్పాను. లేచి నిలబడి మరీ చెప్పాను. చప్పట్లు కొట్టారు."

"ఊఁ."

"నాలాంటి తెలివైనవాళ్ళు అక్కడ ఇంకా ఉంటారు. వాళ్ళ ఇళ్ళలోనూ అలమరలు ఉంటాయి."

సాంకేతిక కారణాలని చదివినవాళ్ళు ప్రయోగం ఆగిందనుకుంటారు, మాత్ర ఆపరు. ఆ మాట సిగ్నే అనవలసింది. అతనే అనేదాకా ఊరుకున్నది.

ఓడ్వార్ ఆ కాగితాన్ని తిరగేసి, తెల్లని వైపు ఆమెకేసి తోశాడు.

"రాయి."

"ఎలా?"

"ఎలాగేమిటి? ఎప్పటిలాగే."

ఆమె మొదలుపెట్టింది. 'లెక్కలో ఒక పొరపాటు జరిగింది.'

"ఆగాగు. జరిగింది అంటే, ఎవరు చేశారు అంటుంది బెరిత్."

ఆమె కొట్టివేసి రాసింది. 'మేము లెక్కలో తప్పు చేశాం. ఈ మాత్ర మీ జబ్బుకు మేలు చేస్తుందని చెప్పాం. అది నిజం కాదు. చేటు చేయవచ్చు. మీలో ఎవరైనా దీన్ని సొంతంగా వేసుకుంటూ ఉంటే, ఇవాళే మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఇప్పటిదాకా వేసుకున్నది మీకు చేటు చేసిందో లేదో మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.'

చివర 'క్షమించండి' అని రాయబోయింది. ఓడ్వార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వద్దు. చదివేవాళ్ళకు క్షమించే పని చెప్పినట్టుంటుంది."

పాక తలుపు చప్పుడైంది. బెరిత్ పెరడు దాటి వస్తున్నది. కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకోవడానికి కావలసినంత సమయం ఉంది. సిగ్నే చెయ్యి దాని మీదికి వెళ్ళింది. ఓడ్వార్ ఆమె వంక చూశాడు. ఆమె చెయ్యి తీసేసింది.

"బెరిత్," అన్నాడు, ఆమె బూట్లు విప్పి లోపలికి రాగానే. "చేతులు తుడుచుకో. ఒకటి చదవాలి."

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ విడివిడిగా, మెల్లగా. కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకుంది. నిలబడే చదివింది. మొదటి రెండు వాక్యాలు వేగంగా చదివినట్లు ఆమె కళ్ళు చెప్పాయి. తరువాత అవి ఆగాయి. చాలాసేపు ఒకేచోట ఉండి, మళ్ళీ మొదటికి వెళ్ళాయి.

"అర్థమైంది," అన్నది.

కళ్ళద్దాలు తీయలేదు. సిగ్నే వైపు తిరిగింది.

"తెలుసుకునే దారి లేదని రాశావు. అది నిజమేనా, మర్యాదకు రాశావా?"

"నిజమే, బెరిత్."

"మర్యాదకైతే బాగుండేది," అన్నది బెరిత్. "కనీసం నీకైనా తెలిసి ఉండేది."

సిగ్నే తల దించుకుంది. ఎదురుగా తన చేతిరాతే ఉంది. పొట్టి పొట్టి వాక్యాలు. ఒక్కదానిలోనూ ఎవరూ దాక్కోవడానికి చోటు లేదు. ఇలా రాయడం ఆమెకు నేర్పినది ఈ ఇల్లే.

బెరిత్ మాత్రల సీసా అందుకుంది. మూత తిప్పబోతే రాలేదు. అరచేతుల మధ్య నొక్కిపట్టి తిప్పింది. రెండు మాత్రలు చేతిలో పోసుకుని, సిగ్నే ముట్టని కాఫీతో మింగింది.

ఓడ్వార్ చూస్తున్నాడు.

"పొద్దున వేసుకోలేదా?"

"లేదు."

"నిన్న?"

ఆమె మూత పెట్టడంలో మునిగినట్లు ఉండిపోయింది. అతను సీసాను ఆమె చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టి, ఆ చేతిని వెలుతురులోకి తిప్పాడు. వాచిన కణుపులను, ఉంగరం ఉండవలసిన చోటును, రోజూ అన్నం దగ్గరా పొలంలోనూ కళ్ళ ముందే కదిలిన ఆ చేతిని, ఎవరిదో పరాయి చేతిని చూసినట్లు చూశాడు.

"డాక్టర్ మోతాదు పెంచాడన్నావు."

"అన్నాను."

"మిగులుతున్నాయన్నావు."

"అన్నాను కదా, ఓడ్వార్."

సిగ్నే లేవాలనుకుంది. లేస్తే కుర్చీ చప్పుడవుతుందని కూర్చునే ఉంది. పాకలో కొళాయి ఎవరూ కట్టక కారుతూనే ఉంది. నీళ్ళు ఉల్లికాడల మీద పడుతున్న చప్పుడు వంటింటిదాకా వినిపిస్తున్నది.

ఓడ్వార్ కాగితాన్ని తన ముందుకు లాక్కుని సంతకం చేశాడు. కలం మూత పెట్టి, సీసాను భార్య వైపు జరిపాడు.

"రేపటి నుంచి రెండు పూటలా నువ్వే వేసుకో."

"చూద్దాంలే. నొప్పి ఉంటేనే కదా వేసుకునేది."

"ఉందా?"

బెరిత్ కళ్ళద్దాలు తీసి, మడిచి, కాగితం మీద పెట్టింది.

"ఉంది," అన్నది.